మొదలుపెట్టే ముందే ఆపే సంగతి అడగండి

ప్రశ్న: నా వయసు 49 సంవత్సరాలు. పాలకొల్లు దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. బీపీకి ఒక మాత్ర, థైరాయిడ్ తక్కువగా ఉన్నందుకు ఒక మాత్ర వాడుతున్నాను. మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 6.2 వచ్చింది. ఎనిమిది నెలలుగా నెలసరి రావడం లేదు. మోకాళ్ళ నొప్పులతో బడిలో మెట్లు ఎక్కలేకపోతున్నాను. మా అమ్మాయి పెళ్ళికి ముందు అన్నం మానేసి, కొర్రలు తిని, రాత్రిళ్ళు పస్తులుండి తొమ్మిది కిలోలు తగ్గాను. రెండేళ్ళు తిరగకుండా పదకొండు కిలోలు పెరిగాను. హైదరాబాదులో ఉన్న మా తోడికోడలు వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్‌తో బాగా తగ్గింది. తెలిసిన అబ్బాయి ఒకరు డాక్టరు చీటీ లేకుండానే, తక్కువ ధరకు తెచ్చిపెడతానంటున్నాడు. మా వారు మాత్రం నోరు కట్టుకుంటే పోయేదానికి సూదులెందుకని కోప్పడుతున్నారు. ఆరు నెలలు వాడి, 60 కిలోలకు వచ్చాక ఆపేద్దామనుకుంటున్నాను. అన్నట్టు, నాలుగేళ్ళ క్రితం స్కానింగులో పిత్తాశయంలో చిన్న రాళ్ళున్నాయన్నారు గానీ ఎప్పుడూ నొప్పి రాలేదు. నేను ఈ ఇంజెక్షన్ వాడవచ్చా?
(ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా)

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతులు రెండూ చివరన, తేలికగా రాసినవే. ఒకటి ఆరు నెలలు వాడి ఆపేస్తానన్నది, రెండవది పిత్తాశయంలోని రాళ్ళు. వాడవచ్చా అని అడిగారు కనుక ముందుగా సూటిగానే చెబుతాను: సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటి ఈ వారపు ఇంజెక్షన్లు వాడదగిన వారిలో మీరు ఉన్నారు, కానీ మీరు వేసుకున్న ప్రణాళిక ప్రకారం మాత్రం వాడవద్దు.

మీ ఎత్తు, బరువులను బట్టి లెక్కిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే కొలత, సుమారు 32.5 వస్తుంది. ఈ మందులకు అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన హద్దు 30; బీపీ, మధుమేహం, నిద్రలో శ్వాస ఆగిపోవడం వంటి బరువుతో ముడిపడిన జబ్బు ఏదైనా ఉంటే 27. మనవారికి తక్కువ బరువులోనే పొట్టలో కొవ్వు చేరి చక్కెర, బీపీ మొదలవుతాయి కనుక మన దేశపు వైద్య నిపుణులు 2009లోనే 25 దాటితే ఊబకాయంగా లెక్కించాలని, ఆడవారి నడుము కొలత 80 సెంటీమీటర్ల లోపు ఉండాలని నిర్ణయించారు. నలభై అయిదు దాటాక పెరిగే కిలోలలో ఎక్కువ భాగం వయసువల్ల వచ్చేవే అయినా, అవి తుంటికీ తొడలకూ బదులు పొట్టలోకి చేరడానికి నెలసరి ఆగే దశలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గడం ఒక కారణం. కాబట్టి మీది అద్దం ముందు నిలబడి పడే దిగులు మాత్రమే కాదు. బీపీ, చక్కెర, మోకాళ్ళు అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ఇక మీ వారి మాట. వారు మీ మేలు కోరే అన్నారని అనుకుంటున్నాను, అయినా ఆ మాటతో నేను ఏకీభవించను. మీరు నోరు కట్టుకున్నారు; తొమ్మిది కిలోలు తగ్గి చూపించారు. ఆ తరువాత జరిగినది మీ నిగ్రహ లోపం కాదు. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో అధిక బరువున్న 50 మందికి పది వారాల పాటు చాలా తక్కువ కెలొరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది గడిచాక పరీక్షించినా వారి రక్తంలో ఆకలిని పెంచే హార్మోన్లు ఎక్కువగానే, కడుపు నిండిందని మెదడుకు చెప్పేవి తక్కువగానే ఉన్నాయి. అంటే శరీరం తాను పోగొట్టుకున్న బరువును తిరిగి రాబట్టుకోవడానికి నెలల తరబడి ప్రయత్నిస్తూనే ఉంటుంది. బీపీకి మాత్ర వేసుకుంటున్నప్పుడు ఉప్పు తగ్గించుకోలేని చేతకానితనమని మిమ్మల్ని ఎవరూ అనలేదు. బరువు విషయంలో మాత్రం ఆ మాట అనడానికి ఇంటిల్లిపాదికీ హక్కు ఉన్నట్టు ప్రవర్తిస్తాం.

ఆ ఆకలి మీదనే ఈ మందు పని చేస్తుంది. భోజనం చేసినప్పుడు మన పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలై, కొద్ది నిమిషాలలోనే విరిగిపోతుంది. సెమాగ్లూటైడ్ దానిని పోలిన మందే గానీ, శరీరంలో అది సగానికి తగ్గడానికి సుమారు వారం రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒక్క ఇంజెక్షన్. టిర్జెపటైడ్ దీనితో పాటు జీఐపీ అనే మరో హార్మోను పనిని కూడా అనుకరిస్తుంది. మన దేశంలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో, బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లూటైడ్ అదే సంవత్సరం జూన్‌లో వెగోవీ పేరుతో అమ్మకానికి వచ్చాయి. మీ తోడికోడలు గారు వాడుతున్నది ఈ రెంటిలో ఏదో ఒకటి అయి ఉండాలి.

ఎంత తగ్గుతారన్నది ఆశతో కాక అంకెలతో చూడండి. మధుమేహం లేని 1,961 మందితో జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో సెమాగ్లూటైడ్ వాడినవారు 68 వారాలలో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారు 2.4 శాతం తగ్గారు. టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదులో 72 వారాలకు ఆ తగ్గుదల 20.9 శాతం. ఇవి సగటులు, కొందరు ఇంతకంటే చాలా ఎక్కువ తగ్గుతారు, కొందరు దాదాపు తగ్గరు. మీ 78 కిలోలలో 15 శాతం అంటే దాదాపు 12 కిలోలు, అంటే మీరు 66 దగ్గర ఆగుతారు, అది కూడా ఏడాదికి పైగా పట్టే పని. సెమాగ్లూటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున పెంచుతూ 2.4 మిల్లీగ్రాములకు చేరడానికే 16 వారాలు పడుతుంది. మీరు అనుకున్న ఆరు నెలలలో దాదాపు నాలుగు నెలలు మోతాదు పెంచుకోవడానికే సరిపోతాయి. 60 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు గానీ దానిని పక్కన పెట్టండి. 66 దగ్గర మీ మోకాళ్ళు, బీపీ ఎలా ఉంటాయన్నదే మనకు కావలసినది. మోకాళ్ళ అరుగుదల ఉన్న స్థూలకాయులు 407 మందితో జరిపిన మరొక పరీక్షలో సెమాగ్లూటైడ్ వాడినవారికి నొప్పి, ఉత్తుత్తి మందు వాడినవారితో పోలిస్తే స్పష్టంగా ఎక్కువ తగ్గింది. వారిలో ఎక్కువమంది మీకంటే కొద్దిగా పెద్దవారైన మహిళలే.

ఇప్పుడు ఆపే సంగతి. పైన చెప్పిన మొదటి పరీక్షలో పాల్గొన్నవారిలో 327 మందిని, మందు ఆపాక మరొక ఏడాది గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఆ ఏడాదిలోనే తిరిగి వచ్చింది. బీపీ, చక్కెరలలో కనిపించిన మేలు కూడా చాలావరకు పోయింది. కాలువ లాకుల దగ్గర తలుపులు దించి ఉంచినంతకాలమే దిగువన నీరు తక్కువగా ఉండి, ఎత్తగానే మట్టం ఎలా సమానమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆకలి విషయంలో ఈ మందు చేసే పని కూడా అంతే. కాబట్టి ఆరు నెలల కోర్సు అన్న ఆలోచనను వదిలి, బీపీ మాత్ర లాగా సంవత్సరాల తరబడి వాడవలసి వస్తే వాడగలనా, వాడటానికి ఇష్టపడతానా అని మిమ్మల్ని మీరు అడగండి. కాదు అన్న సమాధానం వస్తే మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కొంతమంది తక్కువ మోతాదులో నిలదొక్కుకుంటారు, కొంతమంది ఆపాక కూడా కొంత నిలబెట్టుకుంటారు. కానీ ఆ కొద్దిమందిలో మనం ఉంటామన్న నమ్మకంతో మొదలుపెట్టకూడదు.

ఈ పెరిగి తగ్గడం, తగ్గి పెరగడం నడివయసులో మరింత నష్టం చేయడానికి ఒక కారణం ఉంది. బరువు తగ్గినప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు. ఈ మందుల పరీక్షలలో తగ్గిన బరువులో పావు వంతు నుంచి దాదాపు 40 శాతం వరకు కండతో సహా కొవ్వు కాని భాగం ఉన్నట్టు కొలతలలో తేలింది. తిరిగి పెరిగేటప్పుడు చేరేది ఎక్కువగా కొవ్వే. యాభై దగ్గర పడుతున్న స్త్రీకి కండ, ఎముక రెండూ ఎలాగూ తరుగుతూ ఉంటాయి. అమ్మాయి పెళ్ళికి ముందు పస్తులుండి తగ్గిన బరువులో మీ తొడ కండరాలు కూడా కొంత పోయి ఉంటాయి; మెట్ల దగ్గర ఇప్పుడు పడుతున్న బాధలో దానికి కూడా కొంత వాటా ఉండవచ్చు.

అందుచేత ఇంజెక్షన్ వాడినా వాడకపోయినా మీ కంచం మారాలి. అన్నం మానేయమని నేను చెప్పను. గోదావరి నీళ్ళతో పండిన నేలలో ఉన్నవారికి అన్నం మానమని చెప్పే డాక్టరు మాట ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు తెలుసు. కానీ మన భోజనంలో అన్నం కుప్పగా, పప్పు పలుచగా ఉంటుంది. చేపల పులుసులో ముక్కకన్నా పులుసే ఎక్కువ అన్నం తినిపిస్తుంది. మందు మొదలయ్యాక మీకు నాలుగు ముద్దలతోనే చాలుననిపిస్తుంది. ఆ నాలుగు ముద్దలూ అన్నం, ఆవకాయలతో గడిచిపోతే కండకు కావలసినది ఏమీ అందదు. మూత్రపిండాలు బాగుంటే మీవంటివారికి రోజుకు 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు అవసరం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గట్టి పప్పు ఒక కప్పులో 7, 8 గ్రాములు, వంద గ్రాముల శీలావతి చేపలోనో రొయ్యల్లోనో దాదాపు 20 గ్రాములు ఉంటాయి. దేశానికంతటికీ చేపలు, రొయ్యలు పంపే చెరువుల మధ్య ఉంటూ వాటిని ఆదివారానికి పరిమితం చేసుకోవడం ఎందుకు? పొద్దున పెసరట్టు తినండి, ఉప్మా లేకుండా. కూర్చున్నప్పుడు ముందుగా చేప, గుడ్డు, పప్పు, పెరుగు ముగించి, అన్నం చివరన తినండి. కార్తీక మాసంలో నీచు మానేవారైతే పప్పులు, సెనగలు, పెరుగు పెంచుకోవాలి; సోమవారాల కటిక ఉపవాసాన్ని మాత్రం ఈ మందు వాడే రోజులలో చేయవద్దు. వీటితో పాటు వారానికి రెండు మూడు రోజులు కండరాలకు బరువు పడే వ్యాయామం తప్పనిసరి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, నీళ్ళ సీసాలు ఎత్తడం వంటివి చాలు. మోకాళ్ళకు ఏది తగునో ఫిజియోథెరపిస్టును ఒకసారి అడిగి మొదలుపెట్టండి. సాయంత్రం కాలువ గట్టు మీద నడక మంచిదే, కానీ నడక ఒక్కటే కండను నిలబెట్టదు.

రాళ్ళ సంగతికి వస్తాను. బరువు వేగంగా తగ్గితే, ఏ పద్ధతిలో తగ్గినా, పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం, ఉన్నవి ఇబ్బంది పెట్టే అవకాశం పెరుగుతాయి. సెమాగ్లూటైడ్ పరీక్షలో పిత్తాశయ సమస్యలు మందు వాడినవారిలో 2.6 శాతానికి, వాడనివారిలో 1.2 శాతానికి వచ్చాయి. పెద్ద అంకెలు కావు, అయితే మీకు రాళ్ళు ముందే ఉన్నాయి. రాయి జారి నాళానికి అడ్డుపడితే క్లోమం (పాంక్రియాస్) వాచే ప్రమాదం ఉంది. ఈ మందు వాడేవారిలో క్లోమం వాపు గురించిన హెచ్చరిక విడిగా కూడా ఉంది. కాబట్టి మందు మాట ఎత్తే ముందు కొత్తగా అల్ట్రాసౌండ్ తీయించుకుని, ఆ రిపోర్టును ఒక సర్జన్‌కు చూపించండి. నొప్పి లేని రాళ్ళను సాధారణంగా అలాగే వదిలేస్తారు. ఈ మందు మొదలుపెట్టబోతున్నానని చెబితే ఆయన ఆలోచన మారవచ్చు, మారకపోవచ్చు. మొదలుపెట్టాక ఎప్పుడైనా పై కడుపులో విపరీతమైన నొప్పి వచ్చి వీపు వైపు పాకి, వాంతులు ఆగకపోతే, గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లవారేదాకా చూడకుండా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్ళాలి.

థైరాయిడ్ ఉన్నవారు ఈ మందు వాడకూడదని మీకు ఎవరో ఒకరు చెప్పి తీరుతారు. ఆ హెచ్చరిక మెడ్యులరీ క్యాన్సర్ అనే అరుదైన థైరాయిడ్ క్యాన్సర్‌కు, మెన్-2 అనే వంశపారంపర్య జబ్బుకు సంబంధించినది. మీకు గానీ, మీ రక్తసంబంధీకులకు గానీ అవి ఉంటేనే వాడకూడదు. మీలాగా థైరాయిడ్ తక్కువై మాత్ర వాడేవారికి నిషేధం లేదు. బరువు తగ్గుతున్నకొద్దీ మాత్ర మోతాదు మారవలసి రావచ్చు కనుక థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్ పరీక్ష చేయిస్తూ ఉండాలి. బీపీ మాత్ర కూడా తగ్గించవలసి రావచ్చు. అందులో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉందేమో చూపించుకోండి. మే నెల ఎండల్లో వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్ర మూత్రపిండాల మీద భారం వేస్తుంది. నెలసరి ఏకధాటిగా పన్నెండు నెలలు రాకపోతేనే ఆగిపోయినట్టు లెక్క. మీకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ జరిగి ఉండకపోతే ఆ విషయం డాక్టరు గారికి చెప్పాలి, ఎందుకంటే ఈ మందు వాడుతూ గర్భం రాకూడదు.

వికారం, వాంతులు, మలబద్ధకం చాలామందికి వస్తాయి. మోతాదు పెంచిన ప్రతిసారీ కొన్నాళ్ళు ఉండి తగ్గుతాయి. కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది కనుక మునుపటిలా తింటే కడుపు ఒప్పుకోదు. ఇక్కడ మన ప్రాంతపు మర్యాద ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. పెళ్ళికూతురుని అత్తవారింటికి పంపినవారు మీరు. సంక్రాంతికి అల్లుడు గారు వస్తారు, వియ్యంకుల ఇంట మీరు కంచం ముందు కూర్చుంటారు, వద్దన్నకొద్దీ పూతరేకులు, కాజాలు కంచంలో పడతాయి. ఆ వారాలలో మోతాదు పెంచవద్దు, ఇది డాక్టరు గారితో ముందే మాట్లాడుకోవచ్చు. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే, అది చిన్నదైనా సరే, మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ ఇంజెక్షన్ సంగతి తప్పక చెప్పాలి. కడుపులో మిగిలిన ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది.

తెచ్చిపెడతానన్న అబ్బాయి దగ్గర మాత్రం కొనవద్దు. 2023లో బ్రెజిల్, బ్రిటన్, అమెరికాలలో నకిలీ సెమాగ్లూటైడ్ పెన్నులు దొరికాక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. అతడు తెచ్చేది అసలు మందే అయినా, వాడకముందు దానిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. రాత్రి బస్సులో సంచిలో పెట్టుకుని తెచ్చినది ఏ వేడిలో ఎంతసేపు ఉందో చెప్పేవారుండరు. ఇంట్లో కూడా ఫ్రిజ్ మధ్య అరలో ఉంచాలి గానీ డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకట్టినది పనికిరాదు. బిల్లు ఇచ్చే మందుల షాపులో, చీటీ మీదనే కొనండి.

డబ్బు సంగతి మీరు రాయలేదు, నేను రాయక తప్పదు. మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు. వారానికి ఒకటి కనుక నెలకు 14,000 నుంచి 17,500. సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చిలో ముగిసినందున ఇతర కంపెనీల తయారీకి దారి ఏర్పడింది. మీరు వెళ్ళే నాటికి ఏ ధర ఉన్నా, దానిని నెలకు కాక రెండేళ్ళకు లెక్కకట్టి, పూర్తి మోతాదు ధరతోనే లెక్కకట్టి, ఆ మొత్తాన్ని మీ వారికి కూడా చూపించి నిర్ణయించుకోండి. సగంలో డబ్బుకు ఇబ్బందిపడి ఆపేయడం అన్నిటికన్నా నష్టమైన మార్గం.

ఇవన్నీ విన్నాక వద్దనిపిస్తే, అది కూడా సరైన నిర్ణయమే. మీ చక్కెర 6.2 మధుమేహానికి ముందు మెట్టు. ఈ మెట్టు మీద ఉన్నవారితో అమెరికాలో జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యాలుగా పెట్టుకున్నవారికి మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. చెన్నైలో జరిపి 2006లో ప్రచురించిన భారతీయ అధ్యయనంలో ఆ తగ్గుదల 28.5 శాతమే గానీ, అది బరువు పెద్దగా తగ్గకుండానే వచ్చిన మేలు. మీకు 7 శాతం అంటే అయిదున్నర కిలోలు. పస్తులు లేకుండా, ఏడాది సమయం తీసుకుని, పైన చెప్పిన కంచంతో, వ్యాయామంతో అది చేరుకోదగినదే. మూడు నాలుగు నెలలు అలా నడిచి చూసి, మోకాళ్ళు, బీపీ కదలకపోతే అప్పుడు ఇంజెక్షన్ గురించి ఆలోచించినా ఆలస్యమయ్యేది ఏమీ లేదు. అలాగని ముందు మీ పట్టుదల నిరూపించుకుంటేనే మందుకు అర్హులని నేను అనను. ఆ నిరూపణ మీరు ఒకసారి చేసే ఉన్నారు.

భీమవరంలో గానీ, రాజమహేంద్రవరంలో గానీ ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల జబ్బుల డాక్టరు) దగ్గర సమయం తీసుకోండి. పాత స్కానింగు రిపోర్టు, కొత్తది, వాడుతున్న మాత్రల అట్టలు, చక్కెర, టీఎస్‌హెచ్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు, టేపుతో కొలిచిన నడుము అంకె వెంట తీసుకువెళ్ళండి. ఎన్ని కిలోలు తగ్గుతానని అడిగే ముందు, నాలుగు నెలలకు నాకు పని చేయకపోతే ఏం చేస్తారు, లక్ష్యం చేరాక మోతాదు ఎలా ఉంచుతారు, ఆపవలసి వస్తే ఎలా ఆపిస్తారు అని అడగండి. వీలైతే మీ వారిని కూడా ఆ గదిలోకి తీసుకువెళ్ళి, నోరు కట్టుకోవడం గురించిన వారి ప్రశ్నను డాక్టరు గారి ముందు వారిచేతనే అడిగించండి.